ఊహాలోకముల శిల్పి అడివి బాపిరాజు

భీమవరము చెంతనున్న సరిపల్లె గ్రామమున 1895వ సంవత్సరము అక్టోబరు 8వ తేదీన అడివి బాపిరాజుగారు జన్మించిరి. తండ్రి కృష్ణయ్యగారు, తల్లి సుబ్బమ్మగారు. మొగల్తూరు, నరసాపురము ప్రాంతముల వారికి ఇది పొరుగూరి ముచ్చటయే. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైన తరువాత గోదావరి నీరు కాలువల వెంట మన పొలములకు వచ్చినది. నీటితో పంట, పంటతో కొంత తీరిక, తీరికతో చదువు, పాట, నాటకము, కథాకాలక్షేపము వచ్చినవి. అట్టి తీరిక పుట్టిన నేలలో పెరిగిన బాలుడు బాపిరాజుగారు. ఆయన కవి, చిత్రకారుడు, గాయకుడు, కథకుడు, పత్రికా సంపాదకుడు, కొంతకాలము న్యాయవాది. ఇన్నింటిలో ఏది ఆయన వృత్తి, ఏది ఆయన వినోదము అని అడిగినచో చెప్పుట కష్టము. తీరిక వేళ మనస్సు దేనితో ఆడుకొనునో దానినే ఆయన జీవితమంతయు పనిగా చేసికొనిరి.

ఆయన జీవితమును నేడు మరల చెప్పుకొనుటకు కారణమొకటి కలదు. మన విద్యార్థులకు ఊహాలోకములపై మక్కువ ఎక్కువ. సెల్‌ఫోను తెరపై వీడియో ఆటలాడు బాలుడు తాను తిరిగిన కోట ద్వారములెన్నియో, ఏ మెట్టు క్రింద ఏ గొయ్యి యున్నదో, ఏ పాత్రలో ప్రాణము పోయు రసమున్నదో, ఏ పాత్రలో విషమున్నదో తడబడక చెప్పగలడు. మాయలు, మంత్రములు, మహావీరులు గల నవలలు ఏడేసి సంపుటములు చదివిన బాలికలు నా తరగతిలోనే కలరు. పెద్దలము మనము దీనిని కాలహరణమని కోపగింతుము. మన పెద్దలును ఇట్లే కోపగించిరి. వారి కాలమున అది కాశీ మజిలీ కథలపై కోపము. రాజమహేంద్రవరమునకు చెందిన మధిర సుబ్బన్న దీక్షితులుగారు పండ్రెండు భాగములుగా వ్రాసిన ఆ కథలలో మణిసిద్ధుడు ఒక గోపబాలుని వెంటబెట్టుకొని కాశీకి పోవుచు, ఆగిన ప్రతి మజిలీలోను ఒక కథ చెప్పును. నేటి బాలుడు ఆటలో ఒక దశ ముగించి మరియొక దశకు పోవునట్లే నాటి బాలుడు మజిలీ నుండి మజిలీకి పోయెడివాడు. ఆ మక్కువ పాడుదా, మంచిదా అని వాదించుటకంటె, దానిని నమ్ముకొని బ్రతికిన ఒక మనిషి దానితో ఏమి చేసెనో చూచుట మేలు.

బాపిరాజుగారి రాతను మలచినది రాజమహేంద్రవరము. అచటి ప్రభుత్వ కళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే అను ఆంగ్లేయుడు ప్రిన్సిపాలుగా నుండిరి. ఆయన స్వయముగా చిత్రకారుడు, రచయిత. పాఠము చెప్పి ఇంటికి పోవు అధికారి కాదు. విద్యార్థులలో ఎవనికి చేయి తిరుగునో, ఎవనికి గొంతు పలుకునో కనిపెట్టి, దగ్గరకు తీసి, ప్రోత్సహించిన గురువు. దామెర్ల రామారావు, కవికొండల వెంకటరావు, బాపిరాజు ఆ నీడలో పెరిగినవారే. కూల్డ్రే వారికి చూపినది పరదేశపు కళ కాదు. తమ ఊరి నదిని, తమ పల్లె మనుష్యులను, తమ దేశపు ప్రాచీన శిల్పమును కన్ను విప్పి చూడుమని నేర్పెను. స్వదేశమునకు తిరిగి వెళ్లిన పిమ్మట, 1924లో, దక్షిణ భారత జీవితముపై ఒక గ్రంథమును ప్రకటించెను. ఉపాధ్యాయులు ఈ ఘట్టమును కొంచెము నిలిచి చదువవలెను. పరీక్షకు పనికిరాని ఒక అభిరుచిని ఒక ఉపాధ్యాయుడు కసరి కొట్టక ఆదరించినందువలన తెలుగు చిత్రకళకు దామెర్ల, తెలుగు నవలకు బాపిరాజు లభించిరి. రామారావుగారు 1925లో ఇరువదియెనిమిదేండ్లు నిండకుండగనే కన్నుమూసిరి. ఆయన చిత్రములు రాజమహేంద్రవరమున ఆయన పేరిటి చిత్రశాలలో ఉన్నవి.

బి.ఏ. ముగిసిన తరువాత బాపిరాజుగారు మద్రాసులో న్యాయశాస్త్రము చదివి బి.ఎల్. పట్టమును పొందిరి. నడుమ సహాయనిరాకరణోద్యమము వచ్చినది. 1922లో ఆయన కారాగారమునకు వెళ్లి ఒక సంవత్సరము శిక్ష ననుభవించిరి. పిమ్మట భీమవరములో కొంతకాలము న్యాయవాద వృత్తి చేసిరి గాని అందు ఆయన మనస్సు నిలువలేదు. ఆ కాలపు గోదావరి మండలమున ప్లీడరు వృత్తి యనగా ధనము, గౌరవము, మేడ, పొలము. ఇంటిల్లిపాదియు ఆశపెట్టుకొను మార్గమది. దానిని విడిచి చిత్రలేఖనము, గేయము, కథ అను నిలకడలేని దారిని పట్టుట చిన్న తెగువ కాదు. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో వంగదేశీయుడైన ప్రమోద కుమార ఛటోపాధ్యాయుని యొద్ద ఆయన చిత్రకళ నభ్యసించిరి. తరువాత 1930 దశకమున అదే కళాశాలకు ప్రధానాధ్యాపకులైరి.

1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నిర్వహించిన నవలల పోటీలో ఆయన నారాయణరావు, విశ్వనాథ సత్యనారాయణగారి వేయిపడగలు బహుమతిని చెరిసగము పంచుకొనినవి. నారాయణరావు కోనసీమలోని కొత్తపేట యువకుని కథ. సమకాలీన గోదావరి జీవితము. దానిని గూర్చి పెద్దలు చాల వ్రాసియున్నారు. నేను చెప్పదలచిన బాపిరాజు వేరు. ఆయన 1940 దశకములో లోకమునకు వచ్చిన హిమబిందు, గోన గన్నారెడ్డి, ఆపైన అడవి శాంతిశ్రీ, అంశుమతి అను నవలలలోని బాపిరాజు. వీనిని చారిత్రక నవలలని వర్గీకరించుట పరిపాటి. ఆ పేరు తప్పు కాదు కాని చాలదు. చరిత్ర ఇచ్చిన పిడికెడు మట్టితో ఆయన నగరములనే కట్టిరి. నాలుగు నాళ్లు కాపురముండి రాదగిన లోకములవి.

హిమబిందునే చూడుడు. కాలము శాతవాహనులది, నగరము ధాన్యకటకము. నేటి అమరావతి, ధరణికోటలున్న తావు అది. అక్కడి మహాచైత్యము శిథిలమైనది. దాని శిల్పఫలకములు కొన్ని మద్రాసు మ్యూజియమునకు, కొన్ని లండనుకు తరలిపోయినవి. పాఠకునికి మిగిలినది ఖాళీ దిబ్బ. బాపిరాజుగారు ఆ ఫలకములలోని మనుష్యులను క్రిందికి దింపి మరల వీథులలో నడిపించిరి. వారి తలపాగాల ముడులు, స్త్రీల మేఖలలు, ఎడ్లబండ్ల చక్రములు, గవాక్షముల వంపులు ఊరక కల్పించినవి కావు. అమరావతి శిల్పములను ఎదుట పెట్టుకొని ఆ నవలను చదివినచో ఈ మాట తెలియును. చిత్రకారుని కన్ను చూచినదానినే కథకుని కలము వ్రాసినది.

కథారంభమున ఎడ్లబండ్ల పందెము వచ్చును. మన పల్లెల సంక్రాంతి పందెములు చూచినవారికి ఆ వేడి వెంటనే తగులును. అచ్చట పందెమాడువాడు శిల్పి కుమారుడైన సువర్ణశ్రీ. చూచునది వర్తక సార్వభౌముడైన చారుగుప్తుని కుమార్తె హిమబిందు. ఆటలోనుండియే ప్రేమ పుట్టినది, ప్రేమ వెంట రాజ్యతంత్రము వచ్చినది. రెండవ ప్రక్క స్థౌలతిష్యుడు అను విద్వాంసుడు, మతవైరముతో, తన మనుమరాలినే విషకన్యగా పెంచుచున్నాడు. యువరాజును కూల్చుటకు ఆ బాల అతని ఆయుధము.

విషకన్య మన సాహిత్యమునకు క్రొత్త కాదు. విశాఖదత్తుని ముద్రారాక్షసములో పర్వతకుడు విషకన్య వలననే మరణించును. కాని అక్కడ ఆమె రాజనీతిలో ఒక పావు మాత్రమే. ఆమెకు ముఖము లేదు, మాట లేదు. బాపిరాజుగారు ఆ పావును చేతిలోనికి తీసికొని, ఈమెకును ఒక బాల్యముండెను గదా, ఈమె ఎవరినైన ముట్టుకొనదలచినప్పుడు ఏమగును అని ఆలోచించిరి. తన స్పర్శయే మృత్యువని తెలిసిన బాలిక హృదయము ఎట్లుండునో ఊహించుటకు కావలసినది చరిత్ర పరిశోధన కాదు, కరుణ. హిమబిందులో నాకు మిక్కిలి ప్రియమైన పాత్ర హిమబిందు కాదు, ఆ విషబాలయే. ఊహాకథలు నిజమునకు దూరమని యనువారు ఈ పాత్ర చెంత ఒక్క క్షణము ఆగవలెను. పెద్దల పగకు పిల్లలను ఆయుధములుగా పెంచుట ఏ యుగమునను నిలిచిపోలేదు.

ఇచట సముద్రముల ఆవలి ముచ్చట లొకటి రెండు చెప్పుట అప్రస్తుతము కాదు. బాపిరాజుగారికంటె మూడేండ్లు పెద్దవాడు ఇంగ్లండులో జె. ఆర్. ఆర్. టోల్కిన్. ఆయనయు మన వంటి భాషోపాధ్యాయుడే. ఆక్స్‌ఫర్డులో ప్రాచీనాంగ్లము బోధించెను. 1937లో వెలువడిన హాబిట్ అను నవలకు పటములు, చిత్రములు తానే గీసికొనెను. నేడు మన విద్యార్థులు మెచ్చుకొను మాయానవలలలో, యుద్ధక్రీడలలో అనేకము ఆయన సంతతియే. ఒకరి నొకరు ఎరుగని ఈ ఇద్దరును ఒకే కాలమున, తమ జాతి ప్రాచీన భాషలోను శిల్పములోను మిగిలిన ముక్కల నేరి లోకములను నిర్మించుచుండిరి. ఒక భేదమున్నది. టోల్కిన్ తన లోకమునకు పేర్లను, భాషలను తానే కల్పించెను. బాపిరాజుగారి లోకమున ఊళ్ల పేర్లు మన రైలు టిక్కెట్లపై కనబడు ఊళ్లకు ముత్తాతలు.

వీడియో ఆటల చరిత్రలోను ఇట్టి శ్రమ కలదు. జోర్డన్ మెక్నర్ అను అమెరికను యువకుడు 1989లో ప్రిన్స్ ఆఫ్ పర్షియా అను ఆటను వెలువరించెను. అందలి రాకుమారుడు పరుగెత్తి, దుమికి, గోడ అంచు పట్టుకొని వ్రేలాడు తీరు అంత సహజముగా నుండుటకు కారణమేమనగా, ఆయన తన తమ్ముని పరుగెత్తించి, దుమికించి, ఆ కదలికలను చిత్రీకరించి, ఒక్కొక్క భంగిమను విడదీసి గీసికొనెను. ఆ ఆటలో రాకుమారుడు కొన్ని నిమిషములలో దాటిన గోడ వెనుక ఏండ్ల పని యున్నది. ఈ సంగతి విద్యార్థికి చెప్పినచో ఆట మీద ప్రేమ తగ్గదు. చేసినవాని మీద గౌరవము కలుగును. బాపిరాజుగారి మేఖలలు, తలపాగాలు అట్టివే.

గోన గన్నారెడ్డి హిమబిందువలె మెల్లగా నడచు గ్రంథము కాదు. కాకతి రుద్రమదేవి కాలము. అడవాని రాకుమారి అన్నాంబికకు వివాహము జరుగబోవుచుండగా పెండ్లికుమారుని ఎత్తుకొనిపోవు గజదొంగ గన్నారెడ్డి. దొంగయని లోకము భయపడుచుండగా అతడు లోలోపల రుద్రమకు కుడిభుజమై యుండును. చరిత్రలో గోనవారు నిజముగా ఉండిరి. రంగనాథ రామాయణకర్తయైన గోన బుద్ధారెడ్డి ఆ వంశమువాడే. రాయచూరు కోటలో 1294 నాటి పెద్ద రాతిపై నున్న తెలుగు శాసనము గన్నారెడ్డి పేరును చెప్పుచున్నది. శాసనము చెప్పినది అంత స్వల్పము. మిగిలిన గుఱ్ఱములు, కొండదారులు, మారువేషములు, దొంగ యొక్క నవ్వు బాపిరాజుగారివి. 2015లో వచ్చిన రుద్రమదేవి చలనచిత్రమున అల్లు అర్జున్ ధరించిన గన్నారెడ్డి పాత్రను చూచి కేరింతలు కొట్టిన విద్యార్థులలో ఎందరు ఈ నవలను తెరచిరో నాకు సందేహమే. తెరచినవారు నిద్ర చెడగొట్టుకొనిరనుటలో మాత్రము సందేహము లేదు.

అడవి శాంతిశ్రీ ఇక్ష్వాకుల నాటి విజయపురి కథ. 1926లో నాగార్జునకొండ లోయలో శిథిలములు బయటపడినవి. ఆ పిమ్మటి త్రవ్వకములలో దొరికిన శాసనములలో ఇక్ష్వాకు రాకుమారియైన అడవి చాంతిసిరి పేరు కలదు. రాతిమీద మిగిలిన ఆ పేరును బాపిరాజుగారు నవలకు నాయికగా చేసిరి. తన ఇంటిపేరును, ఆ రాకుమారి పేరులోని తొలిపదమును ఒక్కటియే యగుట ఆయనకు నవ్వు తెప్పించియుండునేమో.

ఆయన నవలలలో దోషములు లేవని ఎవరును అనరు. నాయకులందరు మిక్కిలి అందగాండ్రు, మిక్కిలి గుణవంతులు, మిక్కిలి బలవంతులు. ఒక్కొక్కచో ఓడిపోవుట వారికి చేతకాదేమో యనిపించును. హిమబిందులో కథ పరుగు తీయవలసిన వేళ కథకుడు ఆగి ఒక మందిరమును వర్ణింప మొదలిడును. పుటలు గడచును, పాత్రలు వాకిట నిలువబడియే యుండును. మతచర్చలు దీర్ఘములు. ఇవి చిన్న లోపములని నేను తీసివేయను; తరగతిలో ఆ భాగములు చదువునప్పుడు పిల్లల కన్నులు కిటికీ వైపు తిరుగుట చూచియున్నాను. కాని ఆ ఆగిపోవుటయే ఆయన స్వభావము. తాను కట్టిన ఇల్లు అంత ముద్దుగా నున్నప్పుడు వచ్చినవానికి గది గదియు చూపక విడుచువాడు ఎవడు?

జీవనోపాధి కొరకు ఆయన పలు తావులు తిరిగిరి. గుంటూరులో చిత్రకళను నేర్పిరి. మీరాబాయి, అనసూయ వంటి చలనచిత్రములకు కళాదర్శకులుగా పనిచేసిరి. విశ్వనాథవారి కిన్నెరసాని పాటలకు బొమ్మలు వేసిరి. 1940 దశకమున హైదరాబాదులో మీజాన్ అను తెలుగు దినపత్రికకు సంపాదకులైరి. ఇన్ని పనులు చేసినవాడు ఒక్కదానిలో నిలిచియుండిన ఇంకను గొప్పవాడై యుండునని కొందరందురు. నేను ఆ మాటను ఒప్పుకొనను. చిత్రకారుడు కాని బాపిరాజు ధాన్యకటకమును చూడలేడు. గాయకుడు కాని బాపిరాజు గోదావరి వరదపై నేటికిని పిల్లలు పాడుకొను ఆ గేయమును కట్టలేడు. శశికళ యను ఊహాసుందరిని తన గీతములకు అధిదేవతగా పెట్టుకొనుటయు ఆ స్వభావములోనిదే.

ఆయన జీవితములో చివరి పెద్ద పనులలో నొకటి సిగిరియాకు సంబంధించినది. సింహళములోని ఆ కొండ గోడపై పదునైదు శతాబ్దములనాటి వర్ణచిత్రములు కలవు. 1951లో మద్రాసు ప్రభుత్వము కోరగా ఆయన ఆ చిత్రములకు ప్రతికృతులు వ్రాసిరి. యౌవనమున కూల్డ్రే నేర్పినట్లు, ఏబదియైదేండ్లు దాటిన వయస్సునను ఆయన ప్రాచీనుల గోడల ముందు కుంచె పట్టుకొని విద్యార్థివలె నిలువబడిరి. 1952 సెప్టెంబరు 22వ తేదీన మద్రాసులో కన్నుమూసిరి. మరుసటి యేడే ఆంధ్ర రాష్ట్రము అవతరించినది. ఆయన దానిని చూడలేదు.

మరియొక దానినికూడ ఆయన చూడలేదు. 1955లో నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది; తరువాతి యేండ్లలో శాంతిశ్రీ తిరిగిన విజయపురి లోయ నీట మునిగినది. కొన్ని కట్టడములను విప్పి ద్వీపముపైని, ఒడ్డునను మరల నిలిపిరి. శాసనములు, శిల్పములు ద్వీపమున మ్యూజియములో నున్నవి. పడవలో పోవునప్పుడు క్రింద ఆ నగరపు వీథులుండెనని మార్గదర్శకుడు చెప్పును, కనబడునది నీరే. ఆ వీథులలో నడచుటకు మనకు నేడు మిగిలిన దారి ఆ నవల యొక్కటే.

ఈ సెలవులలో బాపిరాజుగారిని చదువదలచిన విద్యార్థులు హిమబిందుతో మొదలుపెట్టవలదు. విసుగుచెంది సగములో మూసివేయుదురు. ముందు గోన గన్నారెడ్డి చదువుడు. అందలి వేగమునకు అలవాటు పడిన తరువాత అడవి శాంతిశ్రీ. అటుపిమ్మట హిమబిందు. అంశుమతి వేంగి చాళుక్యుల నాటిది, మన గోదావరి ఒడ్డు కథ. దానిని ఎప్పుడైనను చదువవచ్చును. హిమబిందును తెరచునప్పుడు మాత్రము అమరావతి శిల్పముల చిత్రములున్న పుస్తక మొకటి గ్రంథాలయమునుండి తెచ్చి ప్రక్కన ఉంచుకొనుడు.